డెన్మార్క్‌లో మన ఇంటికి మన జెండా కట్టొచ్చా? ఏ దేశంలో ఎలా ఉంటుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. కోపెన్‌హాగన్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నారు. అక్కడివాళ్లు పిల్లల పుట్టినరోజుకి కూడా జాతీయ జెండా ఎగరేస్తుంటే చూసి ముచ్చటపడ్డారు. ఆగస్టు 15కి మీ బాల్కనీలో మన జెండా పెడదామనుకుంటే, ఆఫీసులో ఒకరు "ఇక్కడ వేరే దేశం జెండా ఎగరేస్తే నేరం" అన్నారు. వచ్చే ఏడాది డాలస్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యే అవకాశం ఉంది కాబట్టి అక్కడి సంగతి కూడా కావాలన్నారు.

సూటిగా చెప్తాను. డెన్మార్క్‌లో జెండా స్తంభానికి మన జెండా కట్టకండి. అనుమతి లేకుండా కడితే అది నిజంగానే చట్టవిరుద్ధం. ఇంట్లో గోడకి, బల్ల మీద, పిల్లల చేతిలో చిన్న జెండా అయితే ఏ ఇబ్బందీ లేదు. బాల్కనీ విషయం కింద వివరంగా చెప్తాను. డాలస్‌లో ప్రభుత్వం మిమ్మల్ని ఆపదు, మీ కాలనీ అసోసియేషన్ ఆపగలదు. ఈ రెండు దేశాలే కాదు, ఎక్కడైనా చట్టం ఏమందో తెలుసుకోవడం సగం పనే. ఇంటి మీద జెండా కనబడితే ఆ ఊరివాళ్లు దాన్ని ఏమని అర్థం చేసుకుంటారన్నది మిగతా సగం.

నేను మర్చంట్ నేవీలో కెప్టెన్‌గా చేసి రిటైరయ్యాను, విశాఖలో ఉంటాను. ఓడల్లో పనిచేసినవాళ్లకి జెండాల సంగతి తప్పనిసరిగా వంటబడుతుంది. ఓడ వెనక దాని సొంత దేశం జెండా ఉంటుంది. ఏ రేవులోకి వెళ్తే ఆ దేశం జెండాని ముందువైపు స్తంభం మీద మర్యాదగా ఎగరేయాలి. దాన్ని కర్టెసీ ఫ్లాగ్ అంటాం. అది మాసిపోయినా, చిరిగినా, తలకిందులుగా ఉన్నా కొన్ని రేవుల్లో అధికారులు ఓడెక్కగానే మొదట దాని గురించే అడుగుతారు. అందుకని కుర్ర ఆఫీసర్లుగా ఉన్నప్పటి నుంచే జెండాల అల్మరా మా నెత్తిన ఉండేది. ఆ అలవాటు వల్ల ఒడ్డుకి దిగినా నా చూపు ముందు ఇళ్ల మీద జెండాల వైపే పోయేది.

ముందు డెన్మార్క్ సంగతి. వాళ్ల జెండాని డానెబ్రో అంటారు. 1219లో ఇప్పటి ఎస్తోనియాలో జరిగిన యుద్ధంలో అది ఆకాశం నుంచి రాలిపడిందని వాళ్ల ఐతిహ్యం. ఇప్పుడు తోటలో తెల్ల స్తంభం, దానిమీద ఎర్ర జెండా లేని పల్లె కనబడదు గానీ, ఒకప్పుడు మామూలు జనం దాన్ని ఎగరేయకూడదని నిషేధం ఉండేది. 1854లో ఎత్తేశారు. ఆ తర్వాత జనం దాన్ని తమ ఇంటి వస్తువు చేసేసుకున్నారు. పుట్టినరోజు కేకు మీద జెండా, క్రిస్మస్ చెట్టుకి జెండాల దండ, విమానాశ్రయంలో బంధువుల కోసం ఎదురుచూసేవాళ్ల చేతిలో జెండా. ఎవరైనా పోతే అదే జెండాని సగం దించి ఉంచుతారు. ప్రభుత్వం, సైన్యం, రాజకీయం ఇవేవీ ఆ ఇంటివాళ్ల మనసులో ఉండవు. "మా ఇంట్లో ఈరోజు విశేషం" అంటే అంతే. మన గడపకి మామిడాకుల తోరణం కట్టినట్టు అనుకోండి.

అలాగని ఇష్టారాజ్యం కాదు. ఉదయం ఎగరేసి, పొద్దుగూకేలోపు దించాలి. దించకపోతే "సైతానుకి జెండా ఎగరేస్తున్నావా" అని పెద్దవాళ్లు అంటారు. నేల మీద పడనివ్వకూడదు. రోజూ దించడం కుదరనివాళ్లు సన్నగా పొడుగ్గా ఉండే పతాకం కడతారు, దాన్ని రాత్రీ పగలూ ఉంచొచ్చు. మీరు తోటల్లో గాలికి పాములా ఆడేవి చూసే ఉంటారు, అవే.

ఇక మీ ఆఫీసాయన చెప్పిన మాట. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915లో, డెన్మార్క్ తటస్థంగా ఉండాలనుకుంది. ఎవరింటి మీద పడితే వాళ్ల ఇంటి మీద యుద్ధంలో ఉన్న దేశాల జెండాలు లేస్తే తలనొప్పి కదా, అందుకని వేరే దేశాల జెండాలు ఎగరేయకూడదని ఉత్తర్వు ఇచ్చారు. అది వందేళ్లకి పైగా అలాగే నడిచింది. ఇంటి దగ్గర అమెరికా జెండా ఎగరేసినందుకు ఒకాయన మీద కేసు పెడితే, 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఆ పాత ఉత్తర్వుకి చట్టపరమైన ఆధారం చాలదని ఆయన్ని నిర్దోషిగా వదిలేసింది. దాంతో ప్రభుత్వం ఏకంగా కొత్త చట్టమే తెచ్చింది. 2025 జనవరి 1 నుంచి, జెండా స్తంభాల మీద వేరే దేశాల జెండాలు ఎగరేయకూడదు. స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ లాంటి పొరుగు నార్డిక్ దేశాలకి, జర్మనీకి మినహాయింపు ఉంది. భారతదేశం ఆ జాబితాలో లేదు. ప్రత్యేక సందర్భానికి కావాలంటే ముందుగా పోలీసులకి దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే ఆ చట్టం పట్టించుకునేది స్తంభానికి కట్టి ఎగరేయడాన్ని. కిటికీ లోపల వేలాడదీసిన గుడ్డ కోసం పోలీసులు రారు. కానీ మీది అద్దె ఫ్లాటు. బాల్కనీ బయటి వైపు ఏం కట్టాలన్నా భవనం నిర్వాహకుల నియమాలు ఉంటాయి. వాళ్లకి ముందే ఒక మెయిల్ పెట్టండి. నా మాట వింటే, బాల్కనీ బయట వేలాడదీయడం కంటే లోపల గోడకి పెద్ద జెండా పెట్టి, పక్కింటివాళ్లని పిలిచి టీ, స్వీట్లు ఇవ్వండి. చిన్న జెండాలు పిల్లల చేతికివ్వండి. అక్కడివాళ్లకి జెండా అంటే వేడుక కాబట్టి మీ విశేషమేమిటో ఇట్టే అర్థమైపోతుంది.

మిగతా నార్డిక్ దేశాలూ దాదాపు ఇదే దారి, తేడాలు చిన్నవి. ఫిన్లాండ్‌లో అపార్ట్‌మెంట్ ఆవరణలో అందరికీ కలిపి ఒక స్తంభం ఉంటుంది, జెండా రోజుల్లో భవనం చూసుకునే ఆయన ఉదయం 8 గంటలకి ఎగరేస్తాడు. ఆ భవనంలో ఎవరైనా చనిపోతే సగం దించి ఉంచుతారు. మిడ్‌సమ్మర్ పండక్కి మాత్రం ముందురోజు సాయంత్రం 6 నుంచి మర్నాడు రాత్రి 9 దాకా రాత్రంతా ఎగురుతూనే ఉంటుంది. నడివేసవి పండగ అది, ఆ రోజుల్లో అక్కడ చీకటి సరిగా పడదు, రాత్రి అనేది పేరుకే కదా. నార్వేలో మే 17 చూడాల్సిందే. 1814 నాటి రాజ్యాంగం పండగ అది, సైనిక కవాతు బదులు బడిపిల్లలు జెండాలు పట్టుకుని ఊరేగుతారు.

ఇప్పుడు అదే సముద్రం దాటి కిందికి, జర్మనీకి రండి. ఒక్కసారిగా జెండాలు మాయం. హిట్లర్ కాలం తర్వాత ఇంటి మీద జాతీయ జెండా కనబడితే "వీడి రాజకీయం ఏమిటో" అని అనుమానంగా చూసే పరిస్థితి ఏళ్ల తరబడి ఉండేది. చట్టం ఆపింది కాదు, సిగ్గు ఆపింది. 2006లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ అక్కడ జరిగినప్పుడు తొలిసారి కార్లకి, బాల్కనీలకి నలుపు ఎరుపు పసుపు జెండాలు విపరీతంగా వచ్చాయి. దాని మీద అక్కడి పేపర్లలో పెద్ద చర్చే నడిచింది. ఇప్పటికీ టోర్నమెంటు అయిపోతే జెండాలు లోపలికి వెళ్లిపోతాయి. తమాషా ఏమిటంటే, హాంబర్గ్‌కి వెళ్లే ఎల్బే నది దారిలో వేడెల్ అనే చోట 1952 నుంచి ఓడలకి స్వాగతం పలికే కేంద్రం ఉంది. వచ్చే ఓడ ఏ దేశానిదైతే ఆ దేశపు జాతీయ గీతం స్పీకర్లలో వేసి, జెండా దించి పలకరిస్తారు. ఆ గట్టు మీద జనగణమన విన్నవాడు ఎవడూ మర్చిపోడు. సొంత ఇంటికి జెండా కట్టడానికి మొహమాటపడే మనుషులు, వచ్చీపోయే ప్రతి ఓడ జెండాకీ వంగి నమస్కారం పెడతారన్నమాట.

జపాన్‌లో కూడా యుద్ధం తాలూకు మచ్చే. ఓడిపోయాక అమెరికన్ల అధీనంలో ఉన్నప్పుడు జెండా ఎగరేయడం మీద ఆంక్షలుండేవి, 1949లో ఎత్తేశారు. తెలుపు మీద ఎర్ర సూర్యుడున్న వాళ్ల హినోమరుని జాతీయ జెండాగా చట్టం చేసిందే 1999లో. సెలవు రోజుల్లో ఇళ్ల ముందు జెండా పెట్టే ఆచారం పాతతరంతో పాటు తగ్గిపోయింది. పాత ఇళ్ల గేటు దగ్గర జెండా కర్ర దూర్చుకునే ఇనప గొట్టం ఖాళీగా కనబడుతుంది. సంతాపానికి కర్ర కొసన ఉన్న గుండుకి నల్లగుడ్డ చుడతారు, ఆ పద్ధతి వేరే చోట నేను చూడలేదు.

టర్కీలో దీనికి పూర్తి విరుద్ధం. వాళ్ల రిపబ్లిక్ డే అయిన అక్టోబర్ 29న ఇస్తాంబుల్ అపార్ట్‌మెంట్లు చూస్తే ఎర్రగుడ్డ ఆరేసినట్టుంటుంది. అయితే పండగ కాని రోజు ఒకే ఇంటి మీద అంతస్తుల పొడుగున పెద్ద జెండా వేలాడుతుంటే తొందరపడి ఫొటో తీయకండి. ఆ ఇంటి కొడుకు సైన్యంలో చనిపోయి ఉండొచ్చు. అక్కడ అమరవీరుల ఇళ్లకి అలా జెండా కడతారు. మా ఏజెంటు ఒకాయన కారులో వెళ్తూ అలాంటి ఇల్లు రాగానే రేడియో ఆపేశాడు. డెన్మార్క్‌లో కేకు మీద గుచ్చే వస్తువే ఇక్కడ ఇంటి దుఃఖానికి గుర్తు.

బ్రిటన్‌లో చట్టం వినడానికి నవ్వొస్తుంది. ఇంగ్లండులో జెండాలు ప్రకటనల కిందకి, అంటే షాపు బోర్డుల కోవలోకి వస్తాయి. కాకపోతే ఏ దేశపు జాతీయ జెండాకైనా ముందస్తు అనుమతి అక్కర్లేదు, స్థలం యజమాని ఒప్పుకుని, ఎవరి మీదా పడకుండా భద్రంగా ఉంటే చాలు. కాబట్టి లండన్‌లో మన జెండా ఎగరేయడం డెన్మార్క్ కంటే సులువు. కానీ ఇంటి మీద జెండాకి ఈమధ్య అక్కడ రాజకీయ రంగు అంటుకుంది. 2025 వేసవిలో వీధి దీపాల స్తంభాలకి జెండాలు కట్టే ఉద్యమం పెద్ద గొడవే అయింది.

ఇక ఉత్తర ఐర్లాండ్‌ది వేరే లోకం. బెల్‌ఫాస్ట్‌లో ఒక వీధిలో బ్రిటిష్ జెండాలు, ఫుట్‌పాత్ అంచుకి ఎరుపు తెలుపు నీలం రంగులు, ఇంకో వీధిలో ఐర్లాండ్ జెండాలు. అక్కడ జెండా "ఈ వీధి ఎవరిది, బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్లదా, ఐర్లాండ్‌లో కలవాలనేవాళ్లదా" అని చెప్తుంది. సిటీ హాల్ మీద బ్రిటిష్ జెండా ఏడాది పొడుగునా కాకుండా కొన్ని రోజులే ఎగరేయాలని 2012 డిసెంబర్‌లో తీర్మానం చేస్తే నెలల తరబడి అల్లర్లు జరిగాయి. అక్కడ ఉండే తెలుగువాళ్లకి ఒక జాగ్రత్త: మన జెండాని బాల్కనీ నుంచి నిలువుగా వేలాడదీస్తే కాషాయం, తెలుపు, ఆకుపచ్చ నిలువు పట్టీలవుతాయి. దూరం నుంచి, గాలికి మడతపడి చక్రం కనబడకపోతే, ఐరిష్ జెండా అని పొరబడొచ్చు. అడ్డంగానే పెట్టండి, చక్రం కనబడేలా పెట్టండి.

సింగపూర్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట. జులై నుంచి సెప్టెంబర్ దాకా, ఆగస్టు 9 జాతీయ దినోత్సవం చుట్టూ, ఫ్లాట్ల వరండాల నిండా వాళ్ల జెండాలు కనబడతాయి. ఆ మూడు నెలలు నియమాలు సడలుతాయి. అది చూసి ఆగస్టు 15కి మన జెండా కూడా బయట కట్టేద్దామనుకోవద్దు. విదేశీ జాతీయ చిహ్నాలు బహిరంగంగా ప్రదర్శించడం మీద అక్కడ 1949 నుంచీ చట్టముంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి నా సలహా ఒకటే, జెండా వందనం ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో చేసుకోండి, రూములో లోపల పెట్టుకోండి. సౌదీ జెండా మీద వాళ్ల మతవాక్యం ఉంటుంది, అందుకే దాన్ని సంతాపానికి కూడా సగం దించరు. స్నేహంగా అనుకుని ఆ జెండాని టీషర్టు మీదో కేకు మీదో వేయడం లాంటివి అసలు చేయకండి.

ఇప్పుడు మీ డాలస్. అమెరికాలో పండగ అవసరం లేదు, ఏ రోజైనా ఇంటి ముందు జెండా ఉంటుంది. వరండా స్తంభానికి ఏటవాలుగా గొట్టం బిగించి కర్ర దూరుస్తారు. వాళ్లకీ ఫ్లాగ్ కోడ్ ఉంది, 1942లో చేశారు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా, రాత్రి ఉంచితే లైటు వేయాలి అని రాసి ఉంటుంది. కానీ మామూలు పౌరుడికి అది సలహా మాత్రమే, పాటించకపోతే శిక్ష లేదు. 1989లో వాళ్ల సుప్రీంకోర్టు నిరసనగా జెండా తగలబెట్టడం కూడా భావప్రకటన స్వేచ్ఛేనని తీర్పిచ్చింది. మనకి వినడానికి కష్టంగా ఉంటుంది, కానీ అక్కడి పద్ధతి అది.

ప్రభుత్వం ఇంత ఉదారంగా ఉన్నా, ఇళ్ల యజమానుల కాలనీ సంఘం, అంటే హెచ్‌ఓఏ అలా ఉండదు. గడ్డి ఎత్తు దగ్గర్నుంచి తలుపు రంగు దాకా వాళ్ల చేతిలోనే ఉంటుంది. కాలనీ సంఘాలు అమెరికా జెండాని అడ్డుకోకుండా 2006లో ఫెడరల్ చట్టం వచ్చింది. టెక్సస్ చట్టం దానికి తోడు రాష్ట్ర జెండాకి, సైనిక విభాగాల జెండాలకి కూడా రక్షణ ఇచ్చింది. మన జెండాకి ఈ రక్షణ లేదు. కాబట్టి ఇల్లు కొనే ముందో, అద్దెకి దిగే ముందో కాలనీ నియమాల పుస్తకంలో జెండాల పేజీ చదవండి. రెండు జెండాలు పెడితే రెండు వేర్వేరు కర్రలకి, ఒకే ఎత్తులో, ఒకే సైజులో పెట్టాలి. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకి ఎడమ వైపు అమెరికా జెండా రావాలి. ఒకే కర్రకి పైనొకటి కిందొకటి ఎప్పుడూ కట్టకండి. ఓడల్లో మాకు నేర్పిన మొదటి పాఠం అదే. యుద్ధకాలంలో, పట్టుబడిన ఓడ మీద గెలిచినవాడు తన జెండా పైన, ఓడినవాడిది కింద కట్టేవాడు.

ఇన్ని దేశాలు చెప్పి మన సంగతి చెప్పకపోతే బాగుండదు. మన జెండాకి మొదటి రూపం గీసిన పింగళి వెంకయ్యగారు కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు వాళ్లు, 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో గాంధీగారికి ఆ నమూనా ఇచ్చారు. అలాంటి ఊరివాళ్లం, స్వాతంత్ర్యం వచ్చాక యాభై ఏళ్లకి పైగా మన ఇంటి మీద ఆ జెండాని ఏ రోజు పడితే ఆ రోజు ఎగరేసుకోలేకపోయాం. రిపబ్లిక్ డే, ఇండిపెండెన్స్ డే లాంటి కొన్ని రోజులే అనుమతి. మిగతా రోజుల్లో అది కలెక్టరాఫీసుది, మంత్రిగారి కారుది. పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ తన ఫ్యాక్టరీ మీద జెండా కోసం కోర్టుకెక్కారు. 2002 జనవరి 26 నుంచి కొత్త ఫ్లాగ్ కోడ్ వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు, గౌరవంగా జెండా ఎగరేయడం పౌరుడి ప్రాథమిక హక్కని చెప్పింది. 2021 డిసెంబర్‌లో పాలియెస్టర్‌కీ మరమగ్గం గుడ్డకీ అనుమతి ఇచ్చారు. 2022 జులైలో ఇంటి మీద రాత్రీ పగలూ ఉంచొచ్చన్నారు, ఆగస్టులో ఇంటింటా జెండా కార్యక్రమం జరిగింది.

హక్కు రావడం నాకు సంతోషమే. రాత్రి కూడా ఉంచొచ్చు అనే సడలింపు మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది. సాయంత్రం దించాలనే నియమం ఉంటే ఎవరో ఒకరు రోజూ దాని వంక చూస్తారు. ఇప్పుడు ఆగస్టు 13న కట్టింది దీపావళి దాకా మేడ మీద అలాగే ఉంటోంది. మా విశాఖ గాలికి పాలియెస్టర్ గుడ్డ కొస చిరగడానికి కొన్ని వారాలు చాలు, ఎండకి కాషాయం వెలిసి పసుపవుతుంది. చిరిగిన, వెలిసిన జెండా ఎగరేయకూడదని అదే కోడ్‌లో ఉంది. దించి, మొత్తం గుడ్డని ఎవరూ లేని చోట గౌరవంగా కాల్చేయాలి, చెత్తబుట్టలో వేయకూడదు. కారు మీద కర్రకి కట్టి తిరగడానికి రాష్ట్రపతి, గవర్నర్, మంత్రులు లాంటి కొందరికే అర్హత ఉంది, మనకి లేదు. ఈ సంగతి చెప్తే మా వీధి కుర్రాళ్లకి కోపం.

మీరు ఇండియా నుంచి జెండా తెప్పించుకునేటట్టయితే నిష్పత్తి 3:2 ఉందో లేదో చూడండి, ఆన్‌లైన్‌లో అమ్మేవాటిలో కొన్ని కొలతలు తప్పు. కోడ్‌లో తొమ్మిది సైజులున్నాయి, గోడకైతే 900×600 మిల్లీమీటర్లది సరిపోతుంది, బల్ల మీదకి 150×100 చాలు. గోడకి నిలువుగా పెట్టాల్సి వస్తే కాషాయం చూసేవాళ్లకి ఎడమ వైపుండాలి. పూలు చుట్టి తాడు లాగి విప్పే సరదా ఉంటే, లాగితే జారిపోయే ముడి వేసి ముందురోజే రెండుసార్లు లాగి చూసుకోండి. ఎక్కువ పూలు పెడితే బరువుకి ముడి బిగుసుకుంటుంది.

డాలస్‌లో కాలనీ ఏదో తేలాక వాళ్ల నియమాల్లో జెండాల పేజీ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. కోపెన్‌హాగన్ భవనం వాళ్లకి మెయిల్ మాత్రం జులైలోనే పంపండి. అక్కడ ఆ నెలలో సగంమంది సెలవుల్లో ఉంటారు, జవాబు రావడానికి టైం పడుతుంది.